పొర కీవల, పొర కావల

రోగి నెత్తురును చిన్న సీసాలోనికి తీసి పరీక్షాలయమునకు పంపి, గంటసేపటికి తిరిగివచ్చు కాగితముపై సోడియ మింత, పొటాషియ మింత, చక్కెర యింత యని అచ్చయిన అంకెలను చదివి, ఆతని దేహమున ఏది యెంత కలదో తెలిసిపోయినదని మావంటి వైద్యులు తృప్తిపడుచుందురు. ఆ తృప్తి సగమైనను సత్యము కాదు. డెబ్బది కిలోల బరువుగల పురుషుని దేహమున సుమారు 3,500 మిల్లీ ఈక్వివలెంటుల పొటాషియ ముండగా, అందు నూటికి 98 వంతులు కణముల లోపలనే నివసించును. నెత్తుటిలోను, కణముల నడిమి ద్రవములోను కలిసి వెలుపల సంచరించునది అంతయు కూడి 60, 70 మిల్లీ ఈక్వివలెంటులు మాత్రమే. మేము కొలుచునది ఈ వెలుపలి స్వల్పాంశమును. లోపలి రాశి మా సూదికి చిక్కదు. ఈ రెంటిని వేఱుపఱచి యుంచునది మిల్లీమీటరులో రెండు లక్షలవ వంతు మందము గల యొక కొవ్వుపొర. దానినే కణత్వచ మందురు. నా వృత్తిలో నేను చూచిన విచిత్రవ్యాధులలో పెక్కింటికి మూలమును వెదకగా, దేహమున ఏదియో కొఱవడినందున గాక, ఉన్నదే ఈ పొరకు ఉండవలసిన ప్రక్కన లేకపోయినందున అవి పుట్టినవని నాకు క్రమక్రమముగా తెలియవచ్చినది.

విజయనగరము ప్రాంతమునుండి ఒక యువకుని నులకమంచముతో సహా మోసికొని వచ్చిరి. బస్తాలు మోసి బ్రతుకువాడు. కండలు తిరిగిన దేహము. ముందటి దినమంతయు మేనమామ ఇంటి పెళ్ళిపందిళ్ళకు రాటలు పాతి, రాత్రి పరమాన్నముతోను, బూరెలతోను కడుపార భుజించి పండుకొన్నవాడు, తెల్లవారుసరికి మోకాళ్ళు కూడ కదపలేక పోయెను. తెలివి స్పష్టముగా నున్నది. గిల్లినచో నొప్పి తెలియుచున్నది. మాట తడబడుట లేదు.

"ఏటయిపోనాదో తెల్దు బాబూ. రేత్రి బాగానే తిన్నాను, బాగానే తొంగున్నాను. తెల్లారి లెగుద్దామంటే కాళ్ళు నావి కావన్నట్టున్నాయి" అని వాడు చెప్పెను. తల్లి మాత్రము గాలి సోకినదని నిశ్చయించి, దండకు తాయెత్తు కట్టించియే బండి ఎక్కినది. దారిలో ఒక వైద్యుడు నీరసమని భావించి గ్లూకోజు సీసా ఎక్కించెను. నీరసమునకు గ్లూకోజు సీసాయే పరమౌషధమని మన ప్రజలకును, ప్రజల ఒత్తిడిచేత మన వైద్యులకును నమ్మకము కుదిరి చాలకాలమైనది. ఆ సీసా సగము ముగియునప్పటికి బలహీనత కాళ్ళనుండి చేతులకు ప్రాకెను.

నెత్తుటిలో పొటాషియము లీటరునకు 2.1 మిల్లీ ఈక్వివలెంటులు మాత్రమే యున్నది, ఉండవలసినది 3.5 మొదలు 5 వఱకు. వానికి వాంతులు లేవు, విరేచనములు లేవు. దేహమునుండి పొటాషియము వెలికి పోయిన జాడ యెచ్చటను లేదు. అది పోయినది లోపలికి. పిండివంటల భోజనమును జీర్ణించుకొనుటకు పుట్టిన ఇన్సులిన్, చక్కెరతోపాటు పొటాషియమును కూడ కండరకణములలోనికి త్రోయును. పైనుండి నరమున కెక్కిన గ్లూకోజు మఱింత ఇన్సులిన్‌ను పుట్టించి మిగిలినదానినికూడ లోనికి నెట్టినది. కండరకణపు పొరకు లోపలివైపునకును వెలుపలివైపునకును నడుమ తొంబది మిల్లీవోల్టుల విద్యుద్భేదము నిత్యము నిలిచి యుండును. తొంబది మిల్లీవోల్టులు చెవికి అల్పముగానే తోచును. కాని పొర మందమును తలచి లెక్కించినచో అది సెంటీమీటరునకు సుమారు 1,80,000 వోల్టుల తీవ్రత. పొటాషియము తన స్థానము తప్పిన యెడల ఆ భేదము చెడి, నరము నుండి ఆజ్ఞ వచ్చినను కండరము ఆలకింపదు.

గ్లూకోజును తీసివేయించి, పొటాషియము సిరపును కొంచెము కొంచెముగా నోటనే త్రాగించుచు, ఇ.సి.జి. చూచుకొనుచు కూర్చుంటిమి. ఒక్కమారే ఎక్కువ ఇయ్యరాదు. ఏలయనగా లోనికి పోయినది కొన్ని గంటలలో తనంతట తానే వెలికి మరలును, అప్పుడు మనమిచ్చినదియు అదియు కలిసి గుండెకు ముప్పు తెచ్చును. సాయంకాలమునకు వాడు లేచి వరండాలో నడచెను. యశస్సు తాయెత్తుకు దక్కినది, నేను వాదింపలేదు. కాని వాని నాడి తొందరగా కొట్టుకొనుటయు, చాచిన వ్రేళ్ళు సన్నగా వణకుటయు గమనించి థైరాయిడు పరీక్ష చేయింపగా, ఆ గ్రంథి అతిగా పనిచేయుచున్నట్లు తేలెను. థైరాయిడు హార్మోను కండరకణములపై పొటాషియమును లోనికి లాగు యంత్రములను పెంచివేయును. ఈ విధమగు పక్షవాతము ఆసియావాసులగు పురుషులలో అధికముగా కనబడును. థైరాయిడు అదుపునకు వచ్చినపిమ్మట వానికి మఱల అట్టి తెల్లవారుజాము రాలేదు.

ఇంత పలుచని పొర ఇంతటి భేదమును నిలుపుట యెట్లని మొదట విచారించినవారు వైద్యులు కారు. 1890 దశకమున జ్యూరిచ్ నగరమున ఎర్నెస్ట్ ఓవర్టన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు వందలకొలది పదార్థములను జీవకణములపై ప్రయోగించి చూచి, ఏది నూనెలో సులభముగా కరగునో అదియే కణములోనికి సులభముగా చొచ్చుచున్నదని కనిపెట్టి, కణమును చుట్టియున్న పొర కొవ్వుస్వభావము గలదై యుండవలెనని ఊహించెను. మత్తుమందులు నిమిషములో మెదడును పట్టుకొనుటకు కారణమిదియే. హైదరాబాదున 1888, 1889 సంవత్సరములలో నిజాము వ్యయముతో నడచిన క్లోరోఫారం కమిషనులు ఆ మందు ముందుగా శ్వాసను నిలుపునా, గుండెను నిలుపునా యని ఘోరముగా తర్కించుచున్న కాలమున, అసలది కణముతో నే విధముగా సంబంధపడుచున్నదో చెప్పగలవా రెవరును లేకుండిరి.

పిమ్మట 1925లో హాలండు దేశమున లైడెన్ నగరమునందు గోర్టర్, గ్రెండెల్ అను నిరువురు ఎఱ్ఱకణములలోని కొవ్వును బయటికి తీసి, నీటిపై ఒక్క అణువు మందమున పఱచి చూడగా, అది ఆ కణముల ఉపరితలమునకు రెట్టింపు చోటు నాక్రమించినది. పొరలో కొవ్వు రెండు వరుసలుగా నున్నదని వారు తేల్చిరి. గోర్టరు శిశువైద్యుడగుటచేత ఈ కథ నాకు మఱింత ప్రియమైనది. ఇందొక తమాషా కలదు. వారు కొవ్వును పూర్తిగా తీయలేకపోయిరి. కణముల వైశాల్యమును కూడ తక్కువగా లెక్కించిరి. ఆ రెండు పొరపాట్లును ఒకదాని నొకటి కొట్టివేయగా నిజము మాత్రమే మిగిలినది.

ఆ కొవ్వు అణువులు ఫాస్ఫోలిపిడ్‌లు. తల నీటిని కోరును. తోకలు నీటికి దూరముగా నుండగోరును. కావున రెండు వరుసలును తోకలను లోపలికి దాచుకొని, తలలను ఇరుప్రక్కల నీటివైపునకు త్రిప్పి నిలుచును. ప్రాణవాయువును, బొగ్గుపులుసుగాలియు ఆ నడిమి కొవ్వును అడ్డులేకుండ దాటిపోవును. విద్యుదావేశము గల సోడియము, పొటాషియము, క్లోరైడులకు అది దుర్భేద్యము. చక్కెరకును దాదాపుగా అట్లే. వానికై ఆ కొవ్వులో మాంసకృత్తులు నాటుకొని యున్నవి. 1972లో సింగర్, నికల్సన్ అను శాస్త్రజ్ఞులు వివరించినట్లు, ఆ పొర గట్టిపడిన గోడవలె గాక ద్రవమువలె కదలుచుండును, అందు మాంసకృత్తులు తేలుచు ప్రక్కలకు జరుగుచుండును. వీనిలో కొన్ని కేవల రంధ్రములు; తెఱచినపుడు ఎక్కువ యున్న వైపునుండి తక్కువ యున్న వైపునకు అయానులు వానిద్వారా తమంతట తామే జాఱును. కొన్ని ఒక పదార్థమును పట్టుకొని ఆవలికి చేర్చు వాహకములు. మఱికొన్ని పల్లమునుండి మిట్టకు ఎక్కించునవి.

ఆ మూడవ తెగలో ముఖ్యమైనది సోడియము పంపు. 1957లో డెన్మార్కున ఆర్హస్ విశ్వవిద్యాలయమునందు యెన్స్ స్కౌ అను వైద్యుడు ఎండ్రకాయల కాలినరములను నూరి పరిశోధించుచు దీనిని గుర్తించెను. నోబెలు బహుమానము నలువది యేండ్ల తరువాత, 1997లో, వచ్చెను. ఒక్కొక్క విసురునకు మూడు సోడియములను వెలుపలికి తోడిపోసి, రెండు పొటాషియములను లోపలికి తెచ్చు ఈ పంపు, నూతిగట్టున ఏతామువంటిది. త్రొక్కువాడు ఒక్క పూట కూర్చుండిన మడి ఎండును. త్రొక్కుటకు కావలసిన బలము ఏ.టి.పి. అను పదార్థమునుండి వచ్చును. దేహము విశ్రాంతిగా నున్నపుడు వ్యయపఱచు శక్తిలో సుమారు అయిదవ వంతు ఈ యొక్క పనికే పోవును. ఆ ఏ.టి.పి.ని 1929లో ఫిస్కె అను శాస్త్రజ్ఞునితో కలిసి వెలువరించినవాడు భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడు కూడ స్వతంత్రముగా దానిని కనిపెట్టెను.

పంపు నిలిచినచో ఏమగునో నేను పుస్తకములలో చదువక ముందే మంచముప్రక్కన చూచితిని. మన పెరడులలో పసుపుపచ్చని గంటలవంటి పూలు పూయు పచ్చగన్నేరు, నిలువెల్ల విషము. ఇంటికలహములలో క్షణికావేశమునకు లోనైన వారిని, ముఖ్యముగా పడుచుపిల్లలను, ఆ విషముతో మా యొద్దకు తెచ్చుచుందురు. అది పంపును వెలుపలినుండి పట్టి ఆపివేయగా, పొటాషియము నెత్తుటిలో పేరుకొనును, గుండె తన తాళమును మఱచును. 1785లో ఇంగ్లండున విలియం విదరింగ్ వివరించిన డిజిటాలిస్ ఆకు కూడ ఈ జాతిదే. తగిన మోతాదున అది బలహీనమైన గుండెకు ఊత. పచ్చగన్నేరు మ్రింగి వచ్చినవారి కథలను ఇంతకంటె వ్రాయుటకు నాకు మనసొప్పదు.

పొరవిషయమున నాకు మిక్కిలి ఇష్టమైనది కలరా చరిత్ర. ప్రేవులలోనున్న పదార్థము దేహమునం దున్నట్లే మనకు తోచును. నిజమునకు ప్రేవుగోడలోని కణములను దాటువఱకు అది వెలుపలిదే. రోగి కడుపులో లీటర్లకొలది నీరు కదలుచుండగా నెత్తుటికి నీరులేక కండ్లు లోతునకు పోవుట ఇందుచేతనే. కలరాలో ప్రేవుల లోపలిపొర ఊడిపోవునని పూర్వవైద్యులు నమ్మిరి. కాని 1959లో కలకత్తాలో శంభునాథ్ దే కుందేళ్ళ ప్రేవులలో పరిశోధించి, సూక్ష్మజీవి పనియంతయు అది విడుచు విషముదేనని చూపెను. తరువాతి పరీక్షలలో ప్రేవుపొర చెక్కుచెదరకుండుటయు తెలిసినది. ఆ విషము కణములలోని యొక సంకేతమును బిగించివేయుటచేత క్లోరైడు రంధ్రములు తెఱచినవి తెఱచినట్లే యుండిపోవును. క్లోరైడు వెంట సోడియము, సోడియము వెంట నీరు ప్రేవులోనికి పాఱును. తీవ్రమైన కలరాలో గంటకు లీటరు చొప్పున పోవుటయు కలదు.

ఐతే ఆ విషము ఒక మార్గమును ముట్టలేదు. 1960 ఆగస్టులో ప్రాగ్ నగరపు సభలో రాబర్ట్ క్రేన్ అను శాస్త్రజ్ఞుడు, ప్రేవుకణము గ్లూకోజును ఒంటరిగా గైకొనదనియు, సోడియముతో జతగా వచ్చినపుడే ఒకే వాహకము రెంటిని లోనికి చేర్చుననియు ప్రతిపాదించెను. ఉప్పునీ రొక్కటియే త్రాగించినచో కలరా రోగికి నిలువకుండుటయు, చక్కెర కలిపినంతనే నిలుచుటయు దీనితో బోధపడినవి. 1971లో బంగ్లాదేశ యుద్ధమున పాఱివచ్చిన శరణార్థులతో పశ్చిమ బెంగాలునందలి బనగాఁవ్ ఆసుపత్రి నిండిపోయి, నేలపై పడియున్న రోగుల విసర్జనములలో మోకాళ్ళూని సూదులు పెట్టవలసివచ్చి, సెలైను సీసాలు కూడ అయిపోవచ్చినపుడు, దిలీప్ మహలనబిస్ అను యువవైద్యుడు లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల సోడా ఉప్పు చొప్పున పొట్లములు కట్టించి, డ్రమ్ములలో కలిపించి, రోగుల బంధువులచేతనే త్రాగించెను. అంతకుముందు నూటికి ముప్పదివఱకు చేరిన మరణములు 3.6 శాతమునకు దిగినవి. ఇన్ని ప్రాణములను కాపాడిన ఆ వైద్యుడు 2022లో కన్నుమూయునాటికి, మన వైద్యవిద్యార్థులలో ఆయన పేరు నెఱిగినవారు ఎందఱో నేను చెప్పజాలను.

ఇంత చరిత్ర యున్నను, రోగి ఇంటివారికి ఆ పొట్లముపై గౌరవము లేదు. వరదలు తీసిన తరువాతి దినములలో ఒక వృద్ధురాలిని కుమారుడు కారులో తెచ్చెను. నాలుక ఎండియున్నది, చర్మము పట్టి లాగిన మెల్లగా సర్దుకొనుచున్నది. కాని నాడి బాగుగనే దొరకుచున్నది, మ్రింగగలదు.

"ముందు సెలైను పెట్టండి డాక్టరుగారూ. ఖర్చు సంగతి మీరు ఆలోచించవద్దు."

"ఖర్చు సంగతి కాదండీ. అమ్మగారు త్రాగగలరు. పొట్లం కలిపి చెంచాతో పట్టించండి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్ళీ మొదలుపెట్టండి."

"దానికైతే ఇంత దూరం రావడమెందుకు?"

ఈ ప్రశ్నకు నేను సమాధానము వెదకుచుండగా మంచముమీది నుండి ఆమెయే పలికినది: "చిన్నప్పుడు నీకు పట్టుకుంటే గంజిలో ఉప్పేసి పోసేను కాదేట్రా? అప్పుడు నీకు సీసా ఎవుడు కట్టినాడు?" కోడలు నవ్వు నాపుకొని చెంచా తీసికొన్నది. ఆ వృద్ధురాలి మాటలో శాస్త్రమున్నది. గంజిలోని పిండి ప్రేవులలో విడిపోయి గ్లూకోజగును, ఉప్పు ఉండనే యున్నది. అట్లని చక్కెర ఎక్కువైనకొలది మేలని యెంచరాదు. సీసాలలో అమ్ము తీపిపానీయములను ఇచ్చినచో, వానిలోని అధికమైన చక్కెర నెత్తుటిలోని నీటినే ప్రేవులోనికి లాగి విరేచనములను పెంచును. 2002 నుండి ప్రపంచ ఆరోగ్యసంస్థ పొట్లములోని ఉప్పును, గ్లూకోజును రెంటిని తగ్గించినది కూడ ఇట్టి విచారముతోనే. ఒక పొట్లమును ఒక గ్లాసులో కలిపి, చిక్కగా నున్నది గనుక బలమని పట్టించిన తల్లులను చూచితిని. పొట్లముపై వ్రాసిన లీటరు లీటరే.

మొదటి యువకునకు కీడు చేసిన గ్లూకోజు, ఇన్సులిన్‌ల జతయే ఇంకొకని ప్రాణమును నిలిపిన సంఘటనమును కూడ చెప్పవలెను. శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానము కొబ్బరితోటలకు ప్రసిద్ధి. మూత్రపిండముల వ్యాధికి అపప్రసిద్ధి. అచ్చటి కష్టజీవులను ఆ వ్యాధి ఏండ్లతరబడి తీసికొనిపోవుచున్నను దాని కారణ మింకను నిర్ధారణ కాలేదు. ఆ ప్రాంతపు రైతు ఒకడు, డయాలసిస్‌పై నున్నవాడు, వేసవిలో దాహమునకు తాళలేక వరుసగా బొండాములు కొట్టించుకొని త్రాగెను. లీటరు కొబ్బరినీటిలో సుమారు 60 మిల్లీ ఈక్వివలెంటుల పొటాషియ ముండును. అనగా కణములకు వెలుపల దేహమంతట నున్న దానికి ఇంచుమించు సమానము. మంచి మూత్రపిండములు గలవారు దానిని పూటలో పాఱవేయుదురు. ఇతనికి ఆ మార్గము మూసికొనిపోయినది. కాళ్ళు బరువెక్కి, నాడి మందగించి మా యొద్దకు వచ్చినపుడు పొటాషియము 7.8, ఇ.సి.జి. కాగితముమీద టి అలలు డేరాలవలె కొనదేఱి లేచియున్నవి, పి అలలు అదృశ్యములైనవి.

ముందుగా కాల్షియము గ్లూకోనేటును నరములోనికి మెల్లగా ఎక్కించితిమి. అది పొటాషియమును రవంతయు తగ్గింపదు. గుండెకణముల పొరను కొంతసేపు స్థిరపఱచును, అంతియే. నిమిషములలో ఇ.సి.జి. చక్కబడుటను చూచి హౌస్ సర్జను పొటాషియము తగ్గినదని సంతోషింపగా, మఱల పరీక్షకు పంపించి చూపించితిని, అంకె అదే. పిమ్మట పది యూనిట్ల ఇన్సులిన్‌ను, దానితో గ్లూకోజును ఇచ్చితిమి. గంటలో పొటాషియము 6.9కి దిగెను. ఒక్క కణికయు దేహమును విడిచిపోలేదు. పొర కీవలనుండి ఆవలికి మాఱినది, కొన్ని గంటలలో మరలివచ్చును. ఆ వ్యవధిలో డయాలసిస్ యంత్రము సిద్ధమైనది.

ఆ యంత్రములోని పొర మానవుడు చేసినది. 1943లో హాలండునందు, జర్మనుల ఆక్రమణ క్రింద, విలెం కోల్ఫ్ అను వైద్యుడు మాంసపు సాసేజీలకు తొడుగు సెల్లోఫేను గొట్టమును చెక్కచట్రమునకు చుట్టి మొదటి యంత్రమును నిర్మించెను. నేటి పొరలు దానికంటె ఎన్నో రెట్లు మేలైనవి, కాని వానికి తెలిసినది ముఖ్యముగా పరిమాణమే. చిన్నది పోవును, పెద్దది నిలుచును. ఇది సోడియము, ఇది పొటాషియము అని ఎఱుగుట వాని తరము కాదు గనుక, ఏది ఎంత మిగులవలెనో ఆవలిప్రక్క ద్రవమును కలుపునపుడే మేము లెక్కగట్టి నిర్ణయింపవలెను. వారమునకు మూడుమారులు, మారునకు నాలుగు గంటలు ఆ రైతు దానికి అంటుకొని యుండును.

ఇంటికి పంపునపుడు కొబ్బరినీరు మానవలెననియు, కూరలను ముక్కలు కోసి పుష్కలమగు నీటిలో ఉడికించి ఆ నీరు పాఱబోసి పిదప వండవలెననియు చెప్పితిని. ఆతని భార్య అంతయు శ్రద్ధగా విని, "ఆ వార్చిన నీరు గేదెకి పొయ్యొచ్చా బాబూ?" అని అడిగినది.

"పోయవచ్చునమ్మా. దాని మూత్రపిండాలు బాగానే ఉన్నాయి."